తాలు కాయకు రెండు ఫోటోలు

కోటిరత్నం దగ్గర రెండు కెమెరాలున్నాయి. పాతదాని పేరు మావయ్య, కొత్తదాని పేరు అల్లుడు. ఆ పేర్లు ముద్దుకు పెట్టినవి కావు. ఇద్దరికీ సేవలు చేసి చేసి పెట్టినవి.

మావయ్యను 2011లో ఒంగోలులో కొన్నది. దాన్ని తయారు చేసిన కంపెనీ దృష్టిలోనే అది అట్టడుగు తరగతి. నేర్చుకునేవాళ్లు నాలుగు రోజులు వాడి, ఆ తరువాత సిగ్గుపడి మరొకటి కొనుక్కుంటారన్న ఆశతో అమ్మిన సరుకు. కోటిరత్నం సిగ్గుపడకుండా పద్నాలుగేళ్లు వాడింది. చేతిపట్టు రబ్బరు ఊడిపోతే సైకిల్ ట్యూబు ముక్క కోసి అతికించింది. వెనకాల తెర ఎంత గీసుకుపోయిందంటే, పెళ్లికూతురు కళ్లు తెరిచిందో మూసిందో కంప్యూటరులో చూస్తేగానీ తెలియదు. వెలుతురు తగ్గిన కల్యాణ మండపంలో తీస్తే పట్టుచీర మీద ఇడ్లీ రవ్వ చల్లినట్టు చుక్కలు. లోపలి గడియారం ఎప్పుడో చచ్చిపోయింది. బ్యాటరీ తీసి పెట్టిన ప్రతిసారీ మావయ్య 2009 జనవరి ఒకటో తేదీ నుంచి జీవితాన్ని కొత్తగా మొదలుపెడతాడు. అయితే ఆయనకు రెండు సద్గుణాలున్నాయి. సోమవారం చార్జింగ్ పెడితే శనివారం దాకా మళ్లీ అడగడు. మీట నొక్కితే ‘టక్’మని పక్క కొట్టుకు వినబడతాడు. ఆ చప్పుడు వినేదాకా ఫోటో దిగేవాడెవడూ ఊపిరి వదలడు. విన్నాక, లోపలికి లాగిపెట్టిన పొట్టలన్నీ ఒక్కసారిగా బయటికొస్తాయి.

అల్లుడు రెండేళ్ల కిందట విజయవాడ నుంచి వచ్చాడు. పిడికిట్లో పట్టే లోహపు శరీరం, మావయ్యలాంటివాళ్లను ముగ్గురిని కొనగల ధర. చీకట్లో కూడా ముఖం మీద మచ్చలు లెక్కపెట్టగలడు. తెర పైకి మడుచుకుంటుంది, లెన్సు తనంతట తాను ముందుకొస్తుంది, తనంతట తాను లోపలికి పోతుంది. తేదీ, సమయం, ఏ ఊరి పొలిమేరలో నిలబడ్డదీ ఫోనునడిగి రాసిపెట్టుకుంటాడు. కానీ రెండు వందల ఫోటోలకే ఆకలేస్తుంది. మిరప కల్లంలోకి తీసుకెళ్తే ఘాటు ధూళి లెన్సు మడతల్లో చేరి కిర్రుమంటాడు. ఆ లెన్సు విప్పి తుడిచే వీలు లేదు కాబట్టి పాత చీర ముక్క చుట్టి, పసిబిడ్డను మోసినట్టు మోయాలి. పైగా చప్పుడు చేయడు. తీసేశానని ఎంత చెప్పినా జనం నమ్మక, "తీశారా? ఇంకా తీయలేదా?" అంటూ ఊపిరి బిగబట్టి ముఖాలు ఎర్రబరుచుకుంటారు.

అద్దంకి బస్టాండుకు ఎదురుగా, పురుగుమందుల కొట్టుకూ టిఫిన్ సెంటరుకూ నడుమ ఆమె స్టూడియో. దాన్ని పెట్టింది ఆమె భర్త. పెట్టిన మూడో ఏట, ఫోటోలు తీయడంలో కంటే పేకాడడంలో తనకు మంచి భవిష్యత్తు ఉందని గ్రహించి, ఆ భవిష్యత్తును వెతుక్కుంటూ వినుకొండ వెళ్లిపోయాడు. కోటిరత్నం నెల రోజులు ఏడవాలని అనుకున్నది గాని, నాలుగో రోజునే పింఛను దరఖాస్తుకు ఫోటో కావాలని ఒక ముసలమ్మ వచ్చి కూర్చుంది. ఏడుపు వాయిదా పడింది. అలా పడ్డ వాయిదా ఇరవై ఆరేళ్లయినా తిరిగి రాలేదు. ఆడపిల్లల ఓణీల ఫంక్షన్లకు మగ ఫోటోగ్రాఫరెందుకని తల్లులు ఆమెనే పిలిచారు. "గడ్డం పైకెత్తు. అంత కాదు, నిన్నెవరూ ఎన్నికల్లో నిలబెట్టట్లేదు," అని గద్దిస్తూ మూడు మండలాల ముఖాలను నిటారుగా నిలబెట్టింది.

ఫంక్షన్లు లేని రోజుల్లో ఆమెకు అన్నం పెట్టింది మిరపకాయ. మాఘ ఫాల్గుణాల్లో రైతులు కాయ కోసి కల్లాల్లో ఆరబోస్తారు. ఆ రాశుల ఫోటోలను కమిషన్ వ్యాపారి బుల్లయ్య గుంటూరులోని కొనుగోలుదార్లకు వాట్సాప్‌లో పంపుతాడు. లారీ కదలకముందే ఫోటో కదలాలి. అల్లుడు వచ్చిన మొదటి సీజన్లో ఆమె తీసిన ఫోటో చూసి బుల్లయ్య ముఖం ముడిచాడు.

"ఏంటి రత్నమ్మా, కాయ ఎర్రగా లేదు?"

"కాయ ఎట్టా ఉందో ఫోటో అట్టాగే ఉందండి."

"కాయ ఎట్టా ఉందో నాకు తెలుసు. నేనే చూసొచ్చా. ఫోటో ఎట్టా ఉండాలో చెప్తున్నా."

అల్లుడి నెత్తి మీద ఒక గుండ్రటి మీట ఉంది. యజమానికి నచ్చిన రంగుల అమరికను అందులో దాచుకుని, కావలసినప్పుడు ఆ గుర్తు దగ్గరికి తిప్పుకోవచ్చు. కోటిరత్నం అందులో ఎరుపును దాచింది. పసుపును రెండు మెట్లు దించి, ఎరుపును మూడు మెట్లు ఎక్కించింది. దాంతో తాలు కాయ, అంటే రంగు పట్టక పాలిపోయి సగం ధరకు కూడా పోని కాయ, ఫోటోలో పెళ్లికూతురి పారాణిలా మెరిసింది. ఆ సీజన్లోనే అది ‘రత్నం ఎరుపు’గా పేరు పడింది. రైతులు కల్లం గట్టు మీద నిలబడి, "అక్కా, మనది కూడా ఆ ఎరుపులో లాగు," అని అడిగి మరీ తీయించుకున్నారు. ఆమెకు అందులో తప్పేమీ కనిపించలేదు. ఇరవై ఆరేళ్లుగా పెళ్లి ఫోటోల్లో ఈ రైతుల కూతుళ్లను వాళ్లు అడిగినంత తెల్లగా చేసి ఇస్తోంది. ఏ అల్లుడూ కేసు వేయలేదు. మనిషికి చేసింది మిరపకాయకు చేయకూడదా?

చేయకూడదని ఆమెకు తెలిసింది గత ఫిబ్రవరిలో.

వరసకు తమ్ముడయ్యే కోటేష్, అతని ఊరి రైతులు మరో పదకొండు మంది ఒకే కంపెనీ, ఒకే లాటు మిరప విత్తనం వేశారు. మొక్క ఏపుగా ఎదిగింది. కాయ వచ్చింది. రంగు మాత్రం రాలేదు. చెట్టునే పాలిపోయి, పసుపుకూ నారింజకూ మధ్య ఎటూ తేల్చుకోలేక వేలాడింది. విత్తనాల పొట్లం మీద నిప్పులాంటి కాయ బొమ్మను అరచేయంత అచ్చు వేసి, ‘పంట ఫలితాలకు కంపెనీ బాధ్యత వహించదు’ అన్న వాక్యాన్ని మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో వేశారు. బొమ్మతో వాగ్దానం చేసి చిన్న అక్షరాలతో దాన్ని ఉపసంహరించుకునే హక్కును ఈ దేశంలో ఏ శాసనమూ ఎవరికీ ఇవ్వలేదు. అయినా ప్రతి పొట్లం మీదా ఆ హక్కు అచ్చవుతూనే ఉంది. పరిశీలనకు వచ్చిన వ్యవసాయ అధికారి కారు దిగలేదు. అద్దం సగం దించి, చేను వైపు చూసి, ‘వాతావరణ ప్రభావం’ అని రాసుకుని వెళ్లాడు. అద్దం పూర్తిగా దించి ఉంటే పూర్తి నివేదిక వచ్చేదేమో.

కేసు పట్టిన న్యాయవాది శ్రీరమ్య చిన్న వయసుది, పెద్ద కోపం గలది. "చేలు దున్నేయక ముందే ప్రతి చేనుకూ ఫోటోలు తీయించండి. రేపు పంట ఉండదు. ఫోటోలే ఉంటాయి," అని చెప్పింది. కోటేష్ స్టూడియోకొచ్చి మావయ్యను చూసి పెదవి విరిచాడు.

"అక్కా, కేసు ఇది. కొత్త కెమెరాతోనే తియ్యాలి. ఆ ట్యూబు ముక్క కెమెరా జడ్జీ గారు చూస్తే మన పరువేంగాను?"

అలా అల్లుడు ముందు నడిచాడు, మావయ్య సంచిలో వెనక నడిచాడు. ప్రతి చేలో రైతును నిలబెట్టి, అతని చేతికి పలక ఇచ్చి, దాని మీద పేరు, సర్వే నంబరు, తేదీ సుద్దతో రాయించి ఫోటో తీసింది. పన్నెండు చేలూ అయ్యేసరికి మధ్యాహ్నమైంది. ఎండకు తెర కనబడక, చివర్లో కోటేష్ తెల్ల తువ్వాలు నెత్తిన కప్పుకుని, ఆ నీడలో ఇద్దరూ తల దూర్చి చూశారు.

"ఇదేందక్కా," అన్నాడు కోటేష్ నెమ్మదిగా, "నా చేను ఇంత బాగా పండిందా?"

తెరలో కాయలు నిప్పుకణికల్లా ఉన్నాయి. ముందు రోజు బుల్లయ్య కల్లంలో తిప్పిన మీట తిప్పినట్టే ఉండిపోయింది. తప్పు సరిచేసుకుందామని మీట తిప్పేలోగా, రెండు వందల ఫోటోలు పూర్తిచేసిన అల్లుడు కళ్లు మూసుకున్నాడు. కోటిరత్నం మావయ్యను బయటికి తీసి, మొదటి చేను నుంచి మళ్లీ మొదలుపెట్టింది. అవే మొక్కలు, అవే పలకలు, అవే ముఖాలు. కాకపోతే రెండోసారి ముఖాల్లో విసుగు అసలైనది.

మర్నాడు రెండు కార్డుల్లోవీ ఒకే పెన్ డ్రైవులో ఎక్కించి ఇచ్చింది. తీసిన ఫోటోను చెరపడం ఆమె వృత్తిధర్మంలో లేదు. "ఈ ఎర్రవి ఏమిటి?" అని శ్రీరమ్య అడిగితే, "అవి పాడైపోయినవిలే అమ్మాయ్, పాతదానివే వాడు," అంది. ఎరుపు సంగతి చెప్పడానికి నోరు రాలేదు. శ్రీరమ్య ఏ ఫైలునూ దాచే మనిషి కాదు. ఎర్రవాటిని ‘పాడైన ఫోటోలు’ అని జాబితాలో రాసి, మొత్తం డ్రైవునే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో దాఖలు చేసింది.

కంపెనీ తరఫు సీనియరు న్యాయవాది రామచంద్రమూర్తి గారు ఆ డ్రైవును చివరిదాకా చూశారు. వాయిదా రోజున రెండు ఫోటోలు పెద్దవి చేయించి తెచ్చారు. రెండింట్లోనూ కోటేష్ చేయి, భుజం మీద తువ్వాలు, అదే పలక, అదే కొమ్మ. ఒకదానిలో కాయ తాలు, రెండోదానిలో కాయ నిప్పు.

"వీటిలో ఏది పాడైందో నా కళ్లకు తెలియడం లేదు మేడమ్," అన్నారాయన కమిషన్ అధ్యక్షురాలితో, వెన్న రాసినట్టు. "ఎర్రది నిక్షేపంగా ఉంది. పలక మీద సుద్దతో ఏ తేదీ అయినా రాసుకోవచ్చు. తెల్లదాన్ని తీసిన కెమెరా మాత్రం దీన్ని 2009 జనవరి ఒకటిన తీశానని చెబుతోంది. అప్పటికి మా కక్షిదారు కంపెనీ పుట్టలేదు. పుట్టని కంపెనీ విత్తనంతో పంట పోయిందంటున్నారు ఫిర్యాదుదారులు."

రెండు వారాల్లో ఫోటోగ్రాఫరు రెండు కెమెరాలతో స్వయంగా హాజరు కావాలని, ఎలక్ట్రానిక్ రికార్డు ధ్రువపత్రం మీద సంతకం చేయాలని కమిషన్ ఆదేశించింది. చేలు అప్పటికే దున్నేశారు. ఆ ఫోటోలు పడిపోతే పన్నెండు మంది రైతుల చేతిలో మిగిలేది అద్దం సగం దించిన అధికారి నివేదిక ఒక్కటే.

ఆ సాయంత్రమే శ్రీరమ్య స్టూడియో మెట్లెక్కింది.

"రత్నం గారూ, పాడైన ఫోటోలని నాకు చెప్పారు. అదే మాట నేను అక్కడ రాసిచ్చాను. ఏం పాడైంది వాటిలో?"

"కూర్చో అమ్మాయ్, టీ చెప్తాను."

"టీ తర్వాత. ఏం పాడైంది?"

"ఎరుపెక్కువైంది."

"ఎందుకెక్కువైంది?"

"ఎక్కువ పెట్టా గనక."

తరువాత అంతా చెప్పింది. బుల్లయ్య, కల్లాలు, మీట, రెండు సీజన్లు. శ్రీరమ్య వింటున్నంతసేపూ ముక్కుపుటాలు అదురుతూనే ఉన్నాయి గాని, చివరికి వచ్చేసరికి ఆమె కళ్లలో వేరే వెలుగు కనిపించింది. తుపాకీ దొరికిన మనిషి వెలుగు అది.

"చూడండి. మీ మావయ్య చెప్పే రంగు నిజం, తేదీ అబద్ధం. మీ అల్లుడు చెప్పే తేదీ నిజం, రంగు అబద్ధం. సాక్షి ఒక అబద్ధమాడాడని మొత్తం సాక్ష్యాన్ని పారేయాలని మన దేశంలో చట్టం లేదు. నిజమెంతో అబద్ధమెంతో వేరు చేసి చూడాలి. ఒకే రోజు, అవే పలకలు, అవే కొమ్మలు. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడితే ఒక నిండు సాక్షి వస్తాడు."

"మరింకేం? నిలబెట్టు."

"అల్లుడి రంగు ఎందుకు అబద్ధమో మీరు చెప్పాలి. అందరి ముందు. ఎవరి కోసం పెట్టారో, ఎన్నాళ్లు వాడారో."

కోటిరత్నం టీ గ్లాసు వైపు చూసింది. "కెమెరా చెడిపోయిందంటే?"

"చెడిపోయిన కెమెరా చెప్పిన తేదీని ఎవరు నమ్ముతారు? అప్పుడు మనకు తేదీ పోతుంది. తేదీ పోతే కేసు పోతుంది." శ్రీరమ్య ధ్రువపత్రం నమూనా తీసి బల్ల మీద పరిచింది. "ఈ కమిషన్లకు సాక్ష్య చట్టం అక్షరాలా వర్తించదు. అయినా రామచంద్రమూర్తి గారు ఇందులో ప్రతి అక్షరం పట్టుకుంటారు. ఇదిగో, ‘పరికరం సక్రమంగా పనిచేసినది’ అని ఉంది. ‘లేనిచో, ఆ లోపం రికార్డును ప్రభావితం చేయలేదు’ అని కూడా ఉంది. చట్టం మనల్ని పరిపూర్ణులుగా ఉండమనట్లేదు రత్నం గారూ. లోపమేదో చెప్పమంటోంది. అంతే."

"అంతే అంటే నీకు అంతే," అంది కోటిరత్నం. "నాకు మిరపకాయ పోతుంది."

ఆ మాట అబద్ధం కాదు. ఎరుపు సంగతి కమిషన్ దాకా వెళ్లిందని మూడో రోజుకే బుల్లయ్య చెవిన పడింది. తెల్ల చొక్కా, జేబులో రెండు ఫోన్లు, స్టూడియోలో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చున్నాడు. అది కస్టమర్లను ఫోటో తీసే కుర్చీ. వెనకాల నీలం తెర ఉండడంతో, ఓటరు కార్డు కోసం వచ్చినవాడిలా కనిపించాడు.

"రత్నమ్మా, నీకూ నాకూ తగాదా ఏముంది చెప్పు. పోయి, కెమెరా పాడైందని ఒక్క ముక్క చెప్పిరా. మాయదారి మిషన్లు. ఎవరడుగుతారు?"

"మిషను బాగానే ఉందండి. పాడు నేను చేశాను."

"నువ్వు చేసినా నలుగురి మంచికే చేశావు. ఫోటో చూసి ఎవడూ కాయ కొనడమ్మా. కాయ చూసే కొంటారు."

"అయితే ఎరుపెందుకు పెట్టించారు?"

బుల్లయ్య ఒక ఫోను తీసి చూసుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు ఎరుపు మాటెత్తితే, వచ్చే సీజన్లో నీ కెమెరా ముందుకు కాయ గింజ కూడా రాదు. నేనొక్కణ్ణే కాదు, ఏ కమిషన్ వ్యాపారీ పిలవడు. ఆ తర్వాత నీ ఇష్టం."

"కదలకండి," అంది కోటిరత్నం. మావయ్యను ఎత్తి ‘టక్’మనిపించింది. "ఎందుకూ పనికొచ్చేది కాదులెండి. మిమ్మల్ని ఎరుపు లేకుండా ఒకసారి చూద్దామని."

అతను వెళ్లాక ఆమె అల్లుణ్ణి చేతిలోకి తీసుకుంది. పాత చీర ముక్క విప్పి, అల్లుడి నెత్తి మీద మీటను ఆ ఎరుపు గుర్తు దగ్గరికి తిప్పి, వెనక్కి తిప్పి, మళ్లీ తిప్పింది. ఆ అమరికను చెరిపేయడానికి మూడు నొక్కులు చాలు. చెరిపేస్తే, అటువంటిది ఉండేదని ఏ కమిషనూ నిరూపించలేదు. ఆ మూడు నొక్కుల దగ్గర ఆమె చాలాసేపు కూర్చుంది. తరువాత అల్లుడికి చార్జింగ్ పెట్టి, స్టూడియో తాళం వేసుకుని, కూరగాయల బజారులో పది తాలు కాయలు, పది మంచి కాయలు అడిగి తెచ్చుకుంది.

ఇటువంటి కేసుల్లో విచారణ మామూలుగా కాగితాల మీదే నడుస్తుంది. మనిషిని నిలబెట్టి అడగడం అరుదు. అందుకే వాయిదా రోజున ఇతర కేసుల న్యాయవాదులు కూడా వెనక బెంచీల్లో చేరారు. పన్నెండు మంది రైతులు గోడ పొడవునా నిలబడ్డారు. కోటిరత్నం ప్రమాణం చేసింది. రామచంద్రమూర్తి గారు మెడకున్న తెల్ల పట్టీలు సవరించుకుని లేచారు.

"మీ పాత కెమెరా ప్రకారం ఇవాళ తేదీ ఎంతమ్మా?"

"2009 జనవరి ఒకటండి. పొద్దున్నే బ్యాటరీ మార్చాను."

"అంటే మనమందరం 2009లో ఉన్నామంటారు."

"కెమెరా అంటోందండి. నేననట్లేదు. మా ఇంట్లో గోడ గడియారం కూడా ఆగిపోయింది. అయినా తొమ్మిదింటి బస్సుకే వచ్చాను."

"కొత్త కెమెరా సంగతి?"

"తేదీ నిజమే చెబుతుందండి. రంగు అబద్ధం చెబుతుంది."

"దానికి అబద్ధం ఎవరు నేర్పారు?"

"నేనే."

ఆ ఒక్క మాటకు వెనక బెంచీలన్నీ ముందుకు వంగాయి. ఆమె ఆగలేదు. కల్లాల్లో రాశులు తీయడం, ఎరుపు పెంచి వ్యాపారులకు ఇవ్వడం, ఫిబ్రవరిలో ఆ ఉదయం మీట తిప్పడం మరిచిపోవడం, న్యాయవాదికి ‘పాడైపోయినవి’ అని అబద్ధం చెప్పడం, అన్నీ వరుసగా, పాస్‌పోర్టు ఫోటోకు కూర్చున్నంత నిటారుగా కూర్చుని చెప్పింది. రామచంద్రమూర్తి గారి ముఖంలో, వలలో అనుకున్నదానికంటే పెద్ద చేప పడ్డ వాడరేవు బెస్తవాడి ఆనందం కనిపించింది.

"ఈ పన్నెండు మంది ఫిర్యాదుదారుల్లో, తమ కాయకు ఈ ఎరుపు పెట్టించుకున్నవాళ్లు ఉన్నారా?"

కోటిరత్నం గోడ వైపు తిరిగింది. పన్నెండు మందీ ఏకగ్రీవంగా సీలింగ్ ఫ్యాను వైపు చూస్తున్నారు.

"ఏడుగురున్నారండి."

"అంటే ఫోటోల్లో రంగు మార్పించుకునే అలవాటున్నవాళ్లే ఇవాళ ఫోటోలు పట్టుకుని న్యాయం అడుగుతున్నారు."

"అవునండి. అమ్మేటప్పుడు కాయ ఎర్రగా కనబడాలని అడుగుతారు. తాలుగా కనబడాలని అడిగిన రైతు నాకింతవరకు తగల్లేదు."

"కంప్యూటరులో ఎర్రదాన్ని తెల్లగా చేయడం మీకు రాదా?"

"వచ్చండి. పెళ్లికూతుళ్లందరినీ అట్టాగే చేస్తున్నాను. కానీ ఆ రెండు ఫోటోల్లో కోటేష్ తువ్వాలు చూడండి. తాలు కాయ ఫోటోలో తువ్వాలు తెల్లగా ఉంది. ఎర్ర కాయ ఫోటోలో తువ్వాలు గులాబీగా ఉంది. గులాబీ తువ్వాలు వేసుకుని పొలమెళ్లే రకం కాదండి వాడు."

అధ్యక్షురాలు రెండు ఫోటోలను తన వైపు జరుపుకుని కళ్లద్దాలు సరిచేసుకున్నారు. "రెండు కెమెరాలూ ఇక్కడే ఉన్నాయి కదా. ఇప్పుడు తీసి చూపించగలరా?"

కోటిరత్నం సంచిలోంచి కాయలు తీసి బల్ల మీద రెండు కుప్పలుగా పోసింది. పక్కనే రామచంద్రమూర్తి గారు నిలబడ్డారు. జరగమని ఎవరూ అనలేదు, ఆయనా జరగలేదు. ముందు మావయ్య ‘టక్’మంటే గుమస్తా ఉలిక్కిపడి కలం జారవిడిచాడు. తరువాత ఎరుపు గుర్తు దగ్గరికి మీట తిప్పుకున్న అల్లుడు, ఎవరికీ తెలియకుండా. రెండు కార్డులనూ కంప్యూటరుకు పెట్టి తెర మీద చూపించారు. మావయ్య తీసినదానిలో తాలు కుప్ప తాలుగా, మంచి కుప్ప మంచిగా ఉన్నాయి. అల్లుడు తీసినదానిలో రెండు కుప్పలూ ఒకదానికొకటి కవలలు. వాటి వెనక రామచంద్రమూర్తి గారి మెడ పట్టీలు రోజ్ మిల్క్ రంగులో ఉన్నాయి. ఆయన ముఖం ఆబ్కారీ కేసులో పట్టుబడ్డ ముద్దాయి ముఖంలా ఉంది.

"ఆక్షేపణ," అన్నారాయన. "నా ముఖం రికార్డులోకి వెళ్లకూడదు."

"మీ ముఖం కాదు మూర్తి గారూ, మీ పట్టీలను రికార్డు చేస్తున్నాం," అని అధ్యక్షురాలు గ్లాసెత్తి మంచినీళ్లు తాగారు. ఆ గ్లాసు దించడానికి చాలాసేపు పట్టింది.

కమిషన్ ఆదేశం అరగంటలో వచ్చింది. రంగుకు పాత కెమెరా ఫోటోలను, తేదీకీ స్థలానికీ కొత్త కెమెరా ఫోటోలను సాక్ష్యంగా స్వీకరించారు. శ్రీరమ్య పిడికిలి బల్ల కింద బిగిసింది. ఆ తరువాతి వాక్యాన్ని మాత్రం ఎవరూ ఊహించలేదు: రంగు అమరికతో సహా కొత్త కెమెరాను కేసు ముగిసేదాకా కమిషన్ అధీనంలో ఉంచాలి.

గుమస్తా అల్లుడికి దారం కట్టి చీటీ తగిలించాడు. కోటిరత్నం చీర ముక్క కూడా ఇవ్వబోయింది.

"ఇది చుట్టి పెట్టండి బాబూ, దుమ్ము పడదు. పదిహేను రోజులకోసారి చార్జింగ్ పెట్టాలి."

"అమ్మా, ఇది సాక్ష్యం. సాక్ష్యానికి చార్జింగ్ పెట్టం."

వాంగ్మూలం చదివి వినిపించారు. ఆమె సంతకం చేసింది. మెట్లు దిగుతుండగానే ఫోను మూడుసార్లు మోగింది. బుల్లయ్య వాట్సాప్ గ్రూపు, దాని పక్క గ్రూపు, దానికి పోటీ గ్రూపు. మూడింట్లోంచీ ఆమెను తీసేశారు. పరస్పరం ముఖాలు చూసుకోని వ్యాపారులు ఒక విషయంలో ఏకమవడం ఆ జిల్లాలో అదే మొదటిసారి. మొత్తం సీజను, ఎరుపుతో సహా, మెట్ల మీదే పోయింది. కోటిరత్నం ఫోనును జాకెట్టులో దోపుకుని నడక సాగించింది.

కోటేష్ వెనకనుంచి వచ్చి కలిశాడు. సంతోషమూ అవమానమూ రెండూ కలిసి అతని మీసం ఎటు తిరగాలో తెలియక వణుకుతోంది.

"ఫోటోలు నిలబెట్టావు అక్కా, కాళ్లకు దణ్ణం పెడతా. కానీ ఏడుగురని చెప్పాలా అంతమందిలో? ఎవరూ లేరంటే పోయేదిగా."

"ప్రమాణం చేశాక ఎట్టా పోతుందిరా?"

"నా పేరూ కలిపే ఏడుగురా?"

"నీ పేరుతోనే మొదలు."

"మరి మా చిన్నాన్నో?" అన్నాడు కోటేష్ ఉక్రోషంగా. "ఆయనా మన పన్నెండు మందిలోనేగా. పోయినేడు వానకు తడిసిన కాయకు పెట్టించుకోలా? అందర్నీ చెప్పి ఆయన్నొక్కణ్ణి వదిలేస్తే ఏం న్యాయం?"

కోటిరత్నం ఆగిపోయింది. వేళ్లు మడిచి మళ్లీ లెక్కపెట్టింది. "అవునురోయ్. ఎనిమిది."

"ఏడైతే ఏంది, ఎనిమిదైతే ఏంది! అదిగో బస్సు, నడువ్."

ఆమె అప్పటికే వెనక్కి తిరిగింది. పైన గుమస్తా, సంతకమయ్యాక వాంగ్మూలం మార్చాలంటే దరఖాస్తు పెట్టాలన్నాడు. కాసేపటి కిందటే గెలిచిన శ్రీరమ్య ఆమె వైపు ఒక్క క్షణం చూసి, వాదించకుండా, ఫైలును మెట్టు గట్టు మీద పరిచి తెల్ల కాగితం తీసి రాయడం మొదలుపెట్టింది. కింద నుంచి కోటేష్, అద్దంకి బస్సు కదిలిపోతోందని కేకలు పెడుతున్నాడు.

"పోనియ్యరా!" అంది కోటిరత్నం పై మెట్టు మీద నుంచి వంగి. "మీ చిన్నాన్న పూర్తి పేరేంటో చెప్పు ముందు."